ఏ అప్పు ముందు తీర్చవలెను?

(ఇబ్రహీంపట్నములో రైతులు, మహిళా సంఘముల సభ్యులు కూడిన ఒక సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగపాఠము)

లెక్క అనగానే మనలో పలువురకు బడిలోని బెత్తము జ్ఞాపకమునకు వచ్చును. కనుక ఈ దినము లెక్కలు చెప్పుటకు వచ్చితినని అన్నచో వెనుక వరుసలోని వారు కొందరు మెల్లగా లేచి వెళ్ళుదురేమో అను భయము నాకు లేకపోలేదు. అయినను ఒక్క మాట. నేను తెచ్చినవి పుస్తకములోని లెక్కలు కావు. ఒక ఇంటి గూటిలో, దీపము ప్రక్కన, నాలుగు మడతలు పెట్టి దాచిన చీటీలోని లెక్కలు.

కొలది దినముల క్రిందట ఈ ప్రాంతములోని ఒక గ్రామమునకు పనిమీద వెళ్ళితిని. తిరుగు ప్రయాణమునకు బస్సుకొరకు నిలుచియుండగా ఒక తల్లి వచ్చి ఆ చీటీని నా చేతిలో పెట్టినది. ఆమెకు రెండెకరముల పొలము, రెండు పాడిబర్రెలు గలవు. భర్త లేడు. కుమారుడు రోడ్డుమీద టీబండి నడుపుచున్నాడు. ఆ యేడు పత్తి అమ్మగా వచ్చిన 70,000 రూపాయలు కొంగున ముడివేసికొని యున్నది. "సారూ, పైసలు గివే ఉన్నయి. అప్పులేమో నాలుగున్నయి. ఏది ముందుగాల కట్టాలె?" అని అడిగినది.

అడిగినది చిన్న ప్రశ్నయే. కాని ఆ ప్రశ్నకు సమాధానము మీదనే ఆ ఇంటి పొలము నిలుచుటయో, పోవుటయో ఆధారపడియున్నది. ఏలయన, ఐదు గుంటలు అమ్మివేసినచో అన్ని అప్పులు ఒక్కసారిగా తీరునని ఒక మధ్యవర్తి అప్పటికే ఆమెకు సలహా చెప్పియున్నాడు. కనుక ఆ చీటీలోని లెక్కను మనమందరము కలిసి చేయుదము.

చీటీలోని నాలుగు పద్దులు

మొదటి పద్దు: వడ్డీవ్యాపారి వద్ద ప్రామిసరీ నోటుమీద తెచ్చిన 50,000. వడ్డీ నూటికి రెండు. నోటు వ్రాసి రెండు సంవత్సరముల పది నెలలైనది. వడ్డీ ఒక్క పైసయు కట్టలేదు.

రెండవ పద్దు: సహకార సంఘములో పంటఅప్పు 30,000. వడ్డీ నూటికి ఏడు. గడువు ఇంకను ఇరువది దినములున్నది.

మూడవ పద్దు: ఒక ఫైనాన్సు సంస్థ ఇచ్చిన 24,000. వడ్డీ నూటికి పన్నెండు. నెలకు 2,240 చొప్పున 12 వాయిదాలు. ఏడు కట్టినది, ఐదు మిగిలినవి.

నాలుగవ పద్దు: కుమారుని టీబండి కొరకు రోజువారీ ఫైనాన్సు 10,000. దినమునకు 100 చొప్పున 100 దినములు. ఇంకను 42 దినములున్నవి.

ఆమె దృష్టిలో వీనిలో పెద్దది నోటు అప్పు. కనుక 70,000 రూపాయలను తీసికొనిపోయి నోటు ఇచ్చినవానికే ఇయ్యవలెనని ఆమె మనసు. సహకార సంఘము సర్కారుది గదా, కొంత ఆలస్యమైనను ఫరవాలేదని ఇరుగుపొరుగువారి మాట. రోజువారీ అప్పు దినమునకు నూరు రూపాయలే గనుక అది అసలు అప్పుగానే ఆమెకు తోచలేదు.

ఇచ్చట ఒక విషయము గమనింపుడు. నూటికి రెండు, నూటికి ఏడు, నూటికి పన్నెండు అని మూడు వడ్డీలు వినబడుచున్నవి. చెవికి రెండు చిన్నది, పన్నెండు పెద్దది. కాని ఈ మూడును ఒకే కొలతతో కొలిచినవి కావు. ఒకరు కుంచముతోను, ఒకరు కిలోలతోను, ఒకరు బస్తాలతోను వడ్లు కొలిచి, అంకెలు మాత్రము చూచి ఎక్కువ తక్కువలు నిర్ణయించినచో ఎట్లుండునో ఇదియు అట్లే యుండును.

ఇది మనకు కొత్త విద్య కాదు. నిజాము రాజ్యములో హాలీ సిక్కా చెల్లుచున్న కాలమున, హాలీ రూపాయలు ఏడు బ్రిటిషు ఇండియా రూపాయలు ఆరింటికి సమానముగా నుండెడివి. రూపాయికి పదునారు అణాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చువరకు మన పెద్దలు ఆ అణాల లెక్కతోనే బజారు చేసినారు. చదువురాని వారు సైతము రెండు రకముల రూపాయలను నోటిలెక్కతో ఒకదానిలోనికి ఒకటి మార్చుకొనుచు అంగడిలో మోసపోకుండ వచ్చెడివారు. వారి మనుమలమైన మనకు రెండు రకముల వడ్డీలను మార్చుకొనుట కష్టము కారాదు.

నెల లెక్క, సంవత్సరపు లెక్క

ఊరిలో నూటికి రెండు అనిన నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు. బ్యాంకులోను, సహకార సంఘములోను నూటికి ఏడు అనిన నూరు రూపాయలకు సంవత్సరమునకు ఏడు రూపాయలు. ఊరి వడ్డీని పన్నెండుతో హెచ్చవేసిననే సంవత్సరపు వడ్డీ వచ్చును. నూటికి రెండు అనగా సంవత్సరమునకు 24. నూటికి మూడు అనగా 36. నూటికి ఐదు అనగా 60. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘముల అప్పులకొరకు పావలా వడ్డీ పథకము వచ్చినది మీకు జ్ఞాపకముండును. అది ఊరి లెక్కలో పెట్టిన పేరు. నెలకు నూటికి 25 పైసలు, అనగా సంవత్సరమునకు 3 రూపాయలు.

ఇప్పుడు ఆ తల్లి నోటు అప్పు చూడుడు. 50,000కు నెలకు 1,000 వడ్డీ. 34 నెలలకు 34,000. మొత్తము బాకీ 84,000.

పంటఅప్పు చూడుడు. 30,000కు సంవత్సరమునకు వడ్డీ 2,100. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ వలన 2006-07 నుండి స్వల్పకాలిక పంటఅప్పులు సంవత్సరమునకు నూటికి ఏడు వడ్డీకి లభించుచున్నవి. 2011-12 నుండి గడువులోపల కట్టినవారికి అందులో మరి మూడు తగ్గును. అనగా నికరముగా నూటికి నాలుగు. ఆ తల్లికి ఈ తగ్గింపు 900 రూపాయలు. గడువు తేదీ దాటిన మరునాడు ఆ 900 ఉండవు. కేలండరులో ఒక తేదీకి ఇంతటి వెల యుండునని మనలో ఎందరు గుర్తించుచున్నాము?

కొందరు రైతులు ఈ తగ్గింపు పోగొట్టుకొనరాదని గడువునాడు నూటికి మూడు వడ్డీకి చేబదులు తెచ్చి, కట్టి, సంఘము మరల అప్పు ఇచ్చిన వెంటనే తీర్చుదురు. అసలు, వడ్డీ కలిసి కట్టవలసినది 32,100. దానికి పదునైదు దినముల వడ్డీ సుమారు 480. తగ్గింపు 900 గనుక లాభమే. కాని చేబదులు ఇచ్చినవాడు పదునైదు దినములకును నెల వడ్డీయే లెక్కగట్టినచో అది 963. అనగా 900 రూపాయలకొరకు 963 పోగొట్టుకొనుట. సంఘములో కొత్త అప్పు మంజూరగుట రెండు నెలలు ఆలస్యమైనచో 1,926. కనుక చేబదులు తెచ్చుటకు ముందే ఎన్ని దినములకు, దినముల లెక్కయా నెలల లెక్కయా అని అడుగవలెను.

వాయిదాల అప్పు

మూడవ పద్దు ఫైనాన్సు సంస్థది. నూటికి పన్నెండు, సంవత్సరపు లెక్కయే. నోటు అప్పులో సగమే గదా అని ఆ తల్లి అనుకొన్నది. సంస్థవారు అబద్ధము చెప్పలేదు. 24,000కు నూటికి పన్నెండు చొప్పున వడ్డీ 2,880. మొత్తము 26,880. దానిని 12తో భాగించిన నెలకు 2,240. అంతయు సరిగానే యున్నది. లోపమెక్కడ?

ఆమె ఆ 24,000 రూపాయలను సంవత్సరమంతయు వాడుకొనలేదు. ప్రతి నెల వాయిదాలో 2,000 అసలు తిరిగి పోవుచున్నది. మొదటి నెల ఆమె వద్దనున్నది 24,000. రెండవ నెల 22,000. మూడవ నెల 20,000. ఇట్లు తరుగుచు చివరి నెల 2,000 మాత్రమే. పన్నెండు నెలల బాకీలను కూడినచో 1,56,000 వచ్చును. దీనికి నెలకు నూటికి ఒక రూపాయి చొప్పున, అనగా మిగిలిన బాకీమీద నూటికి పన్నెండు చొప్పున, వడ్డీ 1,560 మాత్రమే. ఆమె కట్టునది 2,880. అనగా తిరిగి ఇచ్చివేసిన సొమ్ముమీద కూడ ఆమె వడ్డీ కట్టుచున్నది. 2,880 రూపాయలను ఆ 1,56,000 మీద పరచి చూచినచో నెలకు నూటికి 1 రూపాయి 85 పైసలు పడును. సంవత్సరమునకు సుమారు 22. పేరుకు పన్నెండు, తీరుకు ఇరువదిరెండు. నూటికి రెండు వడ్డీకి ఇచ్చిన వ్యాపారికిని దీనికిని గల భేదము స్వల్పమే.

ఇట్టి అప్పుల వలన, వసూలులోని ఒత్తిడి వలన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నియో కుటుంబములు చితికిపోయినవి. 2010 అక్టోబరులో నాటి ప్రభుత్వము సూక్ష్మరుణ సంస్థలమీద ఆర్డినెన్సు తెచ్చుటకు అదియే కారణము. పిదప అది చట్టమైనది. ఇటీవల భారత రిజర్వు బ్యాంకు మరియొక మేలు చేసినది. 2024 ఏప్రిలులో ఇచ్చిన ఉత్తరువు ప్రకారము 2024 అక్టోబరు 1 నుండి తన అదుపులోని బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు వ్యక్తులకు కొత్తగా వాయిదాల అప్పు ఇచ్చునప్పుడు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అను పత్రమును, అప్పు తీసికొనువారికి అర్థమగు భాషలో, ఇయ్యవలెను. అందులో ఏ.పి.ఆర్. అని ఒక అంకె యుండును. వడ్డీ, రుసుములు అన్నియు కలిపి, మిగిలిన బాకీమీద సంవత్సరమునకు నూటికి ఎంత పడుచున్నదో ఆ అంకె చెప్పును. పత్రములో చూపని రుసుమును మీ సమ్మతి లేకుండ వసూలు చేయరాదు. కనుక సంతకమునకు ముందు ఆ పత్రమును అడుగుడు. ఆ ఒక్క అంకెను చదివించుకొనుడు.

దినమునకు నూరు రూపాయలు

ఇక నాలుగవ పద్దు. రోజువారీ ఫైనాన్సు ఇచ్చువాడు మీకు ఏ పత్రమును ఇయ్యడు. కనుక ఈ లెక్క మనమే చేయవలెను.

అప్పు 10,000 అని వ్రాసినారు. కాని వడ్డీ 1,000 ముందే కోసికొని చేతికిచ్చినది 9,000. తిరిగి కట్టునది నూరు దినములలో 10,000. నూటికి పది వడ్డీ అని వాడు చెప్పును. నిజముగా ఎంత?

మొదటి దినమున ఆమె చేతిలో 9,000 ఉన్నవి. నూరవ దినము ముగియుసరికి ఏమియు లేదు. దినదినము తరుగుచు వచ్చిన ఈ సొమ్ము సగటున సుమారు 4,500. అనగా 4,500 రూపాయలను నూరు దినములు వాడుకొన్నందుకు 1,000 రూపాయలు ఇచ్చుకొన్నది. నూటికి 22. అదియు నూరు దినములకే. సంవత్సరములో అట్టి నూరు దినములు మూడున్నరకు పైగా గలవు. కనుక సంవత్సరమునకు నూటికి రమారమి 80. ఊరి లెక్కలో చెప్పవలెనన్నచో నూటికి ఆరున్నరకు పైమాటే. నూటికి ఆరున్నర అని చెప్పినచో ఎవరును ఆ గడప త్రొక్కరు. దినమునకు నూరు రూపాయలే అని చెప్పినందున త్రొక్కుచున్నారు.

పెద్ద అప్పు వేరు, ఖరీదైన అప్పు వేరు

ఇప్పుడు నాలుగు అప్పులును ఒకే కొలతలోనికి వచ్చినవి. సంవత్సరమునకు నూటికి, మిగిలిన బాకీమీద:

రోజువారీ ఫైనాన్సు — సుమారు 80
నోటు అప్పు — 24
ఫైనాన్సు సంస్థ అప్పు — సుమారు 22
సహకార సంఘము అప్పు — 7, గడువులో కట్టిన 4

అన్నింటిలో చిన్న అప్పే అన్నింటికంటె ఖరీదైనది. కుతుబ్‌షాహీల నాటినుండి ఈ ఊరి పెద్దచెరువును చూచుచున్న మీకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. చెరువు ఎంత పెద్దదైనను తూము సన్నగా నున్నచో నీరు నిలుచును. కుంట చిన్నదైనను గండి పెద్దదైనచో తెల్లవారుసరికి ఎండును. నీరడి ముందుగా చూచునది నీటి విస్తీర్ణము కాదు, నీరు పోవుచున్న చోటు.

రుణశేషము ఉంచరాదని పెద్దలు చెప్పినారు. కాని చేతిలో 70,000 మాత్రమే యుండగా, అప్పులన్నియు కలిసి లక్షా ముప్పదియొక వేల ఐదువందలుండగా, ఏ వరుసలో తీర్చవలెనో ఆ సామెత చెప్పదు. అది లెక్క చెప్పవలెను.

అట్లైన 80 వడ్డీ గల రోజువారీ అప్పును నేడే కట్టివేయవలెనా? ఇచ్చట తొందరపడరాదు. ఆ వడ్డీ ముందే కోసికొన్నాడు. మిగిలిన 42 దినముల 4,200 రూపాయలను నేడే ఇచ్చినను, తగ్గింపు ఇయ్యనిచో ఒక్క రూపాయియు మిగులదు. తగ్గింపు ఇచ్చునా అని ఒకసారి అడుగవచ్చును. ఇయ్యనన్నచో దినముల ప్రకారము కట్టుచు, అది తీరినపిదప మరల తీసికొనకుండుటయే లాభము. ఫైనాన్సు సంస్థ వాయిదాల సంగతియు ఇట్టిదే. ముందుగా కట్టినచో వడ్డీ ఎంత తగ్గించెదరని అడిగి, తగ్గించనిచో నెలనెల పాలడబ్బుతో కట్టుకొనవచ్చును.

మిగిలినవి నోటు, సంఘము. సంఘము అప్పు అన్నింటికంటె చవుక గదా, దానిని ముందు ఏల కట్టవలెనని మీరడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. గడువులోపల కట్టినచో 900 తగ్గును. అంతకంటె ముఖ్యముగా, రాబోవు పంటకు మరల 30,000 నూటికి నాలుగు చొప్పున దొరకుటకు తలుపు తెరచియుండును. దానికి సంవత్సరపు వడ్డీ 1,200. గడువు దాటించి ఆ తలుపు మూసికొన్నచో విత్తనములకు, ఎరువులకు మరల నోటు వ్రాయవలెను. 30,000కు నూటికి రెండు చొప్పున సంవత్సరపు వడ్డీ 7,200. భేదము ఆరువేలు. చవుక అప్పును ముందు కట్టుట అప్పుమీది ప్రేమచేత కాదు. ఖరీదైన అప్పు మరల ఇంటికి రాకుండుటకు.

కనుక మొదట సంఘమునకు 32,100. ఇక చేతిలో మిగిలినది 37,900.

నోటు తిరగవ్రాయుట

నోటు అప్పు సంగతి చూతము. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడు సంవత్సరములు. అది దాటకముందే నోటు తిరగవ్రాయించుట ఊరిలో వాడుక. తిరగవ్రాయునప్పుడు పాత వడ్డీని అసలులో కలిపి వ్రాయుదురు. ఆనాటినుండి వడ్డీకి వడ్డీ మొదలగును.

50,000 నోటును వడ్డీ కట్టక మూడేండ్లకు తిరగవ్రాసినచో కొత్త నోటు 86,000. మరి మూడేండ్లకు 1,47,920. తొమ్మిదవ సంవత్సరమునకు 2,54,422. అదే 50,000కు తిరగవ్రాత లేకుండ తొమ్మిదేండ్ల వడ్డీ కట్టినను అసలు, వడ్డీ కలిసి 1,58,000. కలము రెండుసార్లు కదలినందుకు 96,422 రూపాయలు. వడ్డీరేటు మారలేదు. వ్యాపారి దౌర్జన్యము చేయలేదు. తిరగవ్రాత మాత్రమే జరిగినది.

ఆ తల్లి నోటు తిరగవ్రాయుటకు ఇంకను రెండు నెలల వ్యవధియున్నది. ఆమె వద్ద మిగిలిన 37,900లో 34,000 ఇచ్చి ఇంతవరకైన వడ్డీని పూర్తిగా తీర్చినచో కొత్త నోటు 50,000కే వ్రాయవచ్చును. తీర్చనిచో 84,000కు పైన వ్రాయవలెను. ఆ 34,000 మీద సంవత్సరమునకు 8,160 వడ్డీ తప్పినట్లే. ఇచ్చిన సొమ్మునకు నోటు వెనుక తేదీతో చెల్లు వ్రాయించుకొనవలెను. కొత్త నోటు వ్రాసిన దినముననే పాత నోటును తిరిగి పుచ్చుకొని చింపివేయవలెను. చెల్లు లేని చెల్లింపు చెరువు అవతల పోసిన నీరు వంటిది.

ఇక మిగిలినది 3,900. రోజువారీ ఫైనాన్సుకు 42 దినములకు కావలసినది 4,200. మూడువందలు తక్కువ. "గా మూడొందలు పాలపైసలల్ల తీస్త" అని ఆ తల్లి నవ్వినది. ఆ చీటీ చేతికి వచ్చిన తరువాత ఆమె ముఖమున నేను చూచిన మొదటి నవ్వు అదియే.

ఇంతటితో ఆమె అప్పులన్నియు తీరలేదు. 50,000 నోటు ఉన్నది, ఐదు వాయిదాలు ఉన్నవి. కాని ఐదు నెలలలో ఆ వాయిదాలు ముగియును. పిదప నెలనెల మిగులు 2,240లో 1,000 నోటు వడ్డీకి పోగా 1,240 అసలుకు చెల్లు వేయవచ్చును. అసలు తరిగినకొలది వడ్డీయు తరుగును. అప్పు పెరుగుట ఆగి తరుగుట మొదలైనది. గండి పూడినది.

గుంట ధర, గజము ధర

చివరకు ఆ ఐదు గుంటల సంగతి. హైదరాబాదునకు సాగరు రోడ్డుమీద సుమారు ముప్పది కిలోమీటర్ల దూరములోనున్న ఈ ప్రాంతమున భూమి ధర ఏమైనదో మీకు తెలియును. ఐదు గుంటలకు పదునైదు లక్షలు ఇప్పించెదనని మధ్యవర్తి చెప్పినాడు. అప్పు లక్షన్నర లోపలిది. పదునైదు లక్షలనగానే ఎవరికైనను మనసు చలించును.

ఇచ్చటను కొలత ఒకటి చేయుదము. ఎకరమునకు 40 గుంటలు. గుంటకు 121 గజములు. ఎకరమునకు 4,840. ఐదు గుంటలనగా 605 గజములు. పదునైదు లక్షలను 605తో భాగించిన గజమునకు సుమారు 2,480 రూపాయలు. అదే మధ్యవర్తి ప్రక్క వెంచరులోని ప్లాటును అమ్మజూపునప్పుడు గుంటలలో చెప్పడు, గజములలో చెప్పును. గజము 9,000 అని చెప్పుచున్నాడట. వెంచరులో రోడ్లకు, ఖాళీస్థలమునకు భూమి పోవును. అనుమతులకు, కాలువలకు ఖర్చగును. కనుక ఆ రెండు ధరలును ఒకటిగా నుండజాలవు. మధ్యవర్తి మోసగాడనియు నేను చెప్పుట లేదు. కొనునప్పుడు గుంటలు, అమ్మునప్పుడు గజములు వాడినచో ఆ రెంటికి నడుమ ఎంత యున్నదో కంటికి కనబడదని మాత్రమే చెప్పుచున్నాను. కనబడిన తరువాత అమ్ముటయా మానుటయా అన్నది భూమిగలవారి ఇష్టము.

ఆ తల్లికి అమ్మవలసిన అవసరమే లేదని లెక్క చెప్పినది. నేను చెప్పలేదు.

మూడు ప్రశ్నలు, ఒక పుస్తకము

సోదర సోదరీమణులారా! ఇంటికి వెళ్ళుసరికి ఈ అంకెలన్నియు మరచిపోయినను ఫరవాలేదు. మూడు ప్రశ్నలు మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. అప్పుకాగితముమీద వ్రేలు పెట్టుటకు ముందు అడుగవలసినవి ఇవియే.

ఒకటి: వ్రాసినది ఎంతయైనను, నా చేతికి వచ్చునది ఎంత?

రెండు: మొత్తము ఎంత, ఎన్ని దినములలో కట్టవలెను?

మూడు: వడ్డీ మొదటి అసలుమీదనా, మిగిలిన బాకీమీదనా? నెలకా, సంవత్సరమునకా?

ఈ మూడింటికి సమాధానము చెప్పనివాని వద్ద అప్పు తీసికొనకుడు. చెప్పినచో సమాధానములను కాగితముమీద వ్రాయించుకొని, ఇంటిలో చదువుకొన్న పిల్లవానిచేతనో, సంఘములో లెక్కలు వ్రాయు అక్కచేతనో సంవత్సరపు లెక్కలోనికి మార్పించుకొనుడు.

ఒక నోటుపుస్తకము కొనుడు. వర్తకులు చిట్టా యనియు, ఆవర్జా యనియు రెండు పుస్తకములు ఉంచుదురు. చిట్టాలో ఏనాటి జమాఖర్చు ఆనాడు వ్రాయుదురు. ఆవర్జాలో ఎవరి ఖాతా వారికి వేరుపరచుదురు. మనకు ఒక్క పుస్తకములోనే ముందునుండి చిట్టా, వెనుకనుండి ఆవర్జా వ్రాసికొనిన చాలును. పాలడబ్బు ఎంత వచ్చినది, దాణాకు ఎంత పోయినది, ఏ అప్పుకు ఏ తేదీన ఎంత కట్టినది, ఇంకెంత నిలువయున్నది. రాత్రి భోజనమైన పిదప ఐదు నిమిషముల పని.

ఆ తల్లి చీటీ మరల మడతలు పెట్టి రొండిన దోపుకొని బయలుదేరినది. నాలుగు అడుగులు వేసి వెనుకకు తిరిగి, "గడువు ఇరవై దినాలన్నరు గదా సారూ, రేపే పోత" అని చెప్పినది. ఆ మాటకు వెల 900 రూపాయలు. మీ ఇంటి చీటీలోని గడువు తేదీ ఏదో ఈ రాత్రియే చూచుకొనవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.